పులుల్ని దగ్గర నుంచి చూపించే షోలు మన తిరుపతిలో ఎందుకు లేవు?

తిరుచానూరు_శీను

అందరికీ నమస్కారం. మా అన్నావాళ్ళు అమెరికాలో ఉంటారు. పోయిన నెల వాళ్ళ ఊరి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో అడవి పిల్లుల ఎడ్యుకేషనల్ షో పెడితే పిల్లల్ని తీసుకెళ్ళారు. చిన్న స్టేజీ, ముందు ఇనుప కంచె, ఇవతల బెంచీలు. సర్వల్, కారకల్, ప్యూమా, చివర్లో ఒక పెద్దపులి. ఒక్కోదాన్నీ బయటికి తెచ్చి, ఇది ఏ దేశంలో ఉంటుంది, ఏం తింటుంది అని ట్రైనర్ చెబుతా ఉంటే పిల్లలు కదలకుండా కూర్చున్నారంట. వీడియో కాల్‌లో మా పాప అదంతా చూసింది. అప్పట్నుంచి ఒకటే గోల, "మన ఊర్లో ఎందుకు లేదు నాన్నా" అని.

సరే అని ఆదివారం ఎస్వీ జూకి తీసుకెళ్ళా. మిట్టమధ్యాహ్నం. తెల్లపులి కందకం అవతల చెట్టు నీడలో అటు తిరిగి పడుకుంది. పాప కాసేపు చూసి "అది బొమ్మా?" అనింది. సింహం తోక కూడా ఆడించలేదు. టికెట్టు, బ్యాటరీ బండి, ఐస్‌క్రీమ్, అన్నీ అయ్యాయి గానీ పాప మొహంలో ఆ ఆనందం రాలేదు.

ఎక్కువ డబ్బు కట్టినా పర్వాలేదు, దగ్గర నుంచి చూపించే ఏర్పాటు ఇక్కడ గానీ, చెన్నై, బెంగళూరు వైపు గానీ ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాకాల_టు_డల్లాస్

శీనూ, నాది పాకాల, ఉండేది టెక్సస్. ఇలాంటి షోలు ఇక్కడ ఫెయిర్‌లలో మామూలే. మావాణ్ణి తీసుకెళ్ళా కాబట్టి చూసింది చెబుతా.

సర్వల్ ఆఫ్రికా గడ్డి మైదానాల పిల్లి. బక్కపలచని ఒళ్ళు, పొడుగు కాళ్ళు, తలకు మించిన చెవులు. ట్రైనర్ ఒక కర్రకు ఈకలు కట్టి పైకెత్తితే నిలబడ్డ చోటు నుంచే ఎగిరి అందుకుంది. అడవిలో 9 అడుగుల దాకా ఎగిరి పిట్టల్ని కొడుతుందని ఆమె చెప్పింది. జనం ఆ ఎగురుడికే చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం దానికి ముందు జరిగింది నచ్చింది. వెనక బెంచీలో ఎవరో చిప్స్ ప్యాకెట్ చింపారు. సర్వల్ మొహం తిప్పలేదు, ఒక్క చెవి మాత్రం అటు తిరిగింది. గడ్డిలో కనపడని ఎలుకను చప్పుడును బట్టే పట్టే జంతువు అది. ఆ చెవి తిరగడం చూశాక మావాడికి ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. టీవీలో చూస్తే ఇది తెలీదు, ఒప్పుకోవాలి.

ఇక పులి వచ్చింది. స్టూలు ఎక్కించారు, వెనక కాళ్ళ మీద నిలబెట్టారు, మాంసం ముక్క పెట్టారు. అక్కడ ఎడ్యుకేషన్ అయిపోయి సర్కస్ మొదలైంది.

ఇంకో సంగతి. ఇంతకుముందు ఇక్కడ పులికూనకు పాలసీసా పట్టి ఫోటో దిగే వ్యాపారం జోరుగా సాగేది. కూనను పుట్టిన కొద్దిరోజులకే తల్లి నుంచి విడదీస్తారు. కొన్ని నెలలకే అది ఒళ్ళో పట్టనంత పెద్దదవుతుంది. మళ్ళీ కొత్త కూన కావాలి. పాతది ఏమైందని టికెట్ కొన్నవాడెవడూ అడగడు. 2022 డిసెంబర్‌లో దీనికి అడ్డుకట్ట వేస్తూ చట్టం వచ్చింది. పులి, సింహం, చిరుత, మంచు చిరుత, మబ్బు చిరుత, జాగ్వార్, చీతా, ప్యూమా, వీటిని ఇళ్ళల్లో కొత్తగా పెంచుకోకూడదు. లైసెన్సు ఉన్న షోవాళ్ళు కూడా జనాన్ని ముట్టుకోనివ్వకూడదు. కనీసం 15 అడుగుల దూరంలో ఉంచాలి, లేదా మధ్యలో గట్టి అడ్డు ఉండాలి. సర్వల్, కారకల్ ఆ జాబితాలో లేవు, కాబట్టి వాటి షోలు నడుస్తూనే ఉన్నాయి.

మదనపల్లె_మాస్టారు

శీనుగారూ, సూటిగా చెప్పాలంటే లేవు, ఉండటానికి చట్టం ఒప్పుకోదు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఈ అయిదింటికీ ఆటలు నేర్పి ప్రదర్శించకూడదని 1998 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్‌వాళ్ళు కోర్టులకు వెళ్ళారు. 2001 మే నెలలో సుప్రీంకోర్టు ఆ నిషేధమే సరైనదని తేల్చేసింది. కాబట్టి అలాంటి షో డబ్బు ఎంత కట్టినా చెన్నైలోనూ దొరకదు, బెంగళూరులోనూ దొరకదు.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సర్కస్ దిగిందంటే రాత్రి పూట సింహం అరుపు బెంగళూరు రోడ్డు దాకా వినిపించేది. గ్యాలరీ టికెట్టుకు ఇంట్లో ఏడ్చి డబ్బులు తీసుకునేవాళ్ళం. కొరడా చప్పుడుకు సింహాలు వరసగా స్టూళ్ళెక్కి కూర్చుంటే అదే ధైర్యమనీ, అదే విద్య అనీ అనుకునేవాళ్ళం. సింహం గురించి ఒక్క ముక్క తెలుసుకున్నామా అంటే లేదు.

నిషేధం వచ్చాక ఆ సింహాలు, పులులు ఏమయ్యాయో ఈ కాలం పిల్లలకు తెలియదు. దేశంలో కొన్ని చోట్ల రెస్క్యూ సెంటర్లు కట్టి వాటిని తరలించారు. బన్నేరుఘట్ట, వండలూరు, విశాఖతో పాటు మన తిరుపతి ఎస్వీ జూ కూడా అందులో ఒకటి. ఊరూరా తిరిగి ఆడిన సింహాలు చివరికి ఏడుకొండల కింద రిటైర్ అయ్యాయి. షో మన ఊరికి ఎందుకు రాలేదని మీరు అడుగుతున్నారు, షో ముగిసిన ఊరే మనది.

చెర్లోపల్లి_బాబు

మాస్టారు చెప్పింది నిజం. మా చిన్నాయన జూలో యానిమల్ కీపర్‌గా చేసి రిటైర్ అయినాడు. ఆయన దగ్గర విన్నవి చెబుతా.

సర్కస్ నుంచి వచ్చిన సింహాలు చాలావరకు సంకరాలు. ఆఫ్రికా సింహం, మన గిర్ సింహం కలిసిపోయిన రక్తం. అందుకే వాటికి పిల్లలు పుట్టకుండా చూస్తారు, ఉన్నన్నాళ్ళు సాకి సాగనంపడమే. గిర్ అడవిలో వదలడానికి లేదు, ఇంకెక్కడా వదలడానికి లేదు. బండి బోనులో పుట్టి పెరిగిన కొన్ని, పెద్ద ఆవరణ తలుపు తీసినా బయటికి రాకుండా బోను కొలతలోనే అటూ ఇటూ నడిచేవంట. నాలుగడుగులు పోయి వెనక్కి తిరగడం. గోడ లేకపోయినా తిరగడం. చిన్నాయన ఇది చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట అంటాడు, "దానికి గోడ తలకాయలో ఉంది రా" అని.

శీనన్నా, మధ్యాహ్నం పోతే ఏ పులైనా పడుకునే ఉంటుంది. సింహం రోజులో 20 గంటల దాకా పడుకోగలదు. మన చిత్తూరు ఎండల్లో మనమే పడుకుంటాం, వాటినేం అంటాం. పొద్దున గేటు తీసిన వెంటనే పో. రాత్రి గదుల్లోంచి ఆవరణలోకి వదిలేది ఆ పూటే. వదలగానే పులి చేసే మొదటి పని చుట్టూ తిరిగి వాసన చూసి, చెట్లకు తన వాసన పూయడం. సాయంత్రం మాంసం వేళకి మళ్ళీ లేస్తుంది. పెద్దపులికి రోజుకు 8 నుంచి 12 కిలోల దాకా పెడతారు, వారంలో ఒకరోజు పస్తు. ఆ పస్తు సంగతి చెబితే చాలామంది "అయ్యో పాపం" అంటారు. అడవిలో రోజూ వేట దొరకదు, వాటి కడుపు దానికే అలవాటు పడింది.

కపిలతీర్థం_కుర్రోడు

దగ్గర నుంచి చూడాలంటే టికెట్ ఎందుకన్నా, అలిపిరి మెట్లెక్కండి. చిరుత ఫ్రీగా దర్శనమిస్తుంది 😂

తిరుపతి_వసంత

తమ్ముడూ, నవ్వులాట కాదు ఇది. 2023 ఆగస్టులో ఆ దారిలోనే ఆరేళ్ళ పాపను చిరుత లాక్కెళ్ళి చంపింది. అంతకు రెండు నెలల ముందే ఇంకో పిల్లాడిని నోట కరుచుకుని పోయి వదిలేస్తే బతికాడు. నేను మొక్కు ఉన్నప్పుడల్లా ఆ మెట్లెక్కే మనిషిని. ఆ తర్వాత నెలల పాటు అక్కడి టెన్షన్ మాకు తెలుసు. భక్తులకు చేతికర్రలు ఇచ్చారు, మధ్యాహ్నం దాటితే చిన్నపిల్లల్ని నడకదారిలో పంపడం ఆపారు, అడవిలో కెమెరాలు, బోన్లు పెట్టారు. పట్టిన చిరుతల్ని తెచ్చింది ఈ జూకే.

నన్నడిగితే తిరుపతి పిల్లలకు ఆఫ్రికా సర్వల్ గురించి చెప్పే షో కంటే మన శేషాచలం చిరుత గురించి చెప్పేవాళ్ళు కావాలి. చిరుత మనిషి ఎత్తును చూస్తుంది. వంగినా, కూర్చున్నా, చిన్నపిల్లలు ఒంటరిగా ముందుకు పరిగెత్తినా దాని కంటికి వేటాడే జంతువు సైజుకు వస్తారు. అందుకే పిల్లల్ని పెద్దవాళ్ళ మధ్యలో నడిపించాలి. ఎదురుపడితే వెన్ను చూపి పరిగెత్తకూడదు, నిలబడి పెద్దగా కనిపించాలి, గట్టిగా అరవాలి, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. దారిలో తినేసి పారేసిన తిండికి కుక్కలు, పందులు వస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది. ఇవి మా అపార్ట్‌మెంట్ పిల్లల్లో ఒక్కరికీ తెలియవు. పులి సౌండ్ ఏ యాప్‌లో బాగుంటుందో మాత్రం తెలుసు.

కపిలతీర్థం_కుర్రోడు

సారీ అక్కా. ఆ స్మైలీ పెట్టకుండా ఉండాల్సింది.

జంతు_మిత్ర_చిత్తూరు

అందరూ చట్టం, టైమింగ్స్ చెబుతున్నారు. అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. రోజంతా మైళ్ళకు మైళ్ళు తిరిగే జంతువును ఆవరణలో పెట్టి చూపిస్తే పిల్లలు నేర్చుకునేది ఏమిటి? డబ్బు ఇస్తే దేన్నైనా బంధించి చూడొచ్చు అనే కదా. స్టేజీ అయినా, కందకం అయినా నాకు తేడా కనిపించదు.

చెర్లోపల్లి_బాబు

అన్నా, నీ బాధ అర్థమైతాంది. కానీ ఆ సర్కస్ సింహాన్ని ఎక్కడ పెట్టమంటావు? మెట్ల దగ్గర పట్టిన చిరుతను ఏ ఊరి పక్కన వదలమంటావు? మీ ఊరి పక్కన వదిలితే ఒప్పుకుంటావా?

జంతు_మిత్ర_చిత్తూరు

ఉన్నవాటిని చూసుకోవద్దని నేను అనలేదు. చూపించడం వేరు, చూసుకోవడం వేరు. రెస్క్యూ సెంటర్లోకి జనాన్ని తీసుకుపోరు కదా. అదే పద్ధతి మిగతావాటికీ ఎందుకు ఉండకూడదు?

వెటర్నరీ_పిల్ల

నేను ఇక్కడే ఎస్వీ వెటర్నరీ యూనివర్సిటీలో చదువుతున్నా. పైన గొడవలో ఎటువైపూ వెళ్ళను, ఇద్దరిలోనూ న్యాయం ఉంది. శీను అన్న పాప కోసం మాత్రం కొన్ని చెబుతా. పడుకున్న పులిలో కూడా చూడటానికి చాలా ఉంటుంది.

అటు తిరిగి పడుకుంటే ఇంకా మంచిది. మామూలు పులి చెవుల వెనక నల్లటి మీద ఒక్కో తెల్లటి గుండ్రటి మచ్చ ఉంటుంది, వెనక నుంచి చూస్తే రెండు కళ్ళున్నట్టు. అవి ఎందుకో పాపనే ఊహించమనండి. శాస్త్రవేత్తలు కూడా ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, కూనలు తల్లి వెనక నడవడానికి గుర్తని కొందరు అంటారు. లేచాక కంటిపాప చూడండి. ఇంట్లో పిల్లికి ఎండలో నిలువు గీతలా సన్నబడుతుంది, పులికి గుండ్రంగానే ఉంటుంది. చారలు ఏ రెండు పులులకూ ఒకేలా ఉండవు, అసలు ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్కలా ఉండవు. అడవిలో కెమెరా ఫోటోలతో పులుల్ని లెక్కపెట్టేది దీన్ని బట్టే. ఫోన్‌లో రెండు పక్కలా ఫోటో తీసి ఇంటికొచ్చి పోల్చుకోమనండి. ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది.

తెల్లపులి గురించి జనం ఎప్పుడూ పొరబడతారు. అది వేరే జాతి కాదు, మంచు దేశం నుంచి రాలేదు. మన బెంగాల్ పులే, ఒక జన్యువులో మార్పు వల్ల పసుపు రంగు పోయింది. 1951లో రేవా రాజు అడవిలో పట్టించిన మోహన్ అనే కూన వంశమే ఈరోజు జూల్లో కనిపించే తెల్లపులుల్లో చాలావరకు. ఆ రంగు నిలబెట్టడానికి దగ్గరి రక్తసంబంధంలోనే జత కట్టించుకుంటూ వచ్చారు. వాటిలో మెల్లకన్ను కూడా ఎక్కువ, అది ఆ తెల్లరంగు జన్యువుతోనే ముడిపడి వస్తుంది. నాకు తెల్లపులి ఆవరణ దగ్గరి గుంపును చూస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. పక్కన మామూలు పులి దగ్గర ఎవరూ ఉండరు.

ఇక ట్రైనింగ్ మాట. ట్రైనింగ్ అంటేనే సర్కస్ అని కాదు. ఇప్పుడు చాలా జూల్లో పులికి కొరడా లేకుండానే నేర్పుతున్నారు. కర్ర చివర బంతిని ముక్కుతో తాకితే ఒక మాంసం ముక్క. అలా మెల్లగా కమ్మీకి ఆనుకుని పడుకోవడం, తోక సందులోంచి బయట పెట్టనివ్వడం నేర్పుతారు. అప్పుడు మత్తు ఇవ్వకుండానే తోకలోంచి రక్తం తీయొచ్చు. మత్తు ప్రతిసారీ ప్రమాదమే, ముఖ్యంగా ముసలి జంతువులకు. లేదంటే స్క్వీజ్ కేజ్‌లో పెట్టి గోడ దగ్గరకు జరిపి కదలకుండా చేసి సూది వేయాలి, అది వాటికి చచ్చేంత భయం. కమ్మీ అవతల అంత పెద్ద జంతువు తనంతట తాను తోక ఇచ్చి పడుకోవడం పిల్లలు చూస్తే స్టూలెక్కిన పులిని ఎవరూ అడగరని నా నమ్మకం.

పాకాల_టు_డల్లాస్

అదీ మాట! ఆ సర్వల్ దగ్గర నాకు నచ్చింది కూడా ఇదే, కానీ ఇంత బాగా చెప్పలేకపోయా. అది తన పని తాను చేసుకుంటుంటే మేం చూశాం. పులి మా కోసం పని చేసింది.

పీలేరు_రాజా

టాపిక్ మారుస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకు పుట్టువెంట్రుకలు తీయిస్తున్నాం. పులిగోరు లాకెట్ అసలుది ఎక్కడ దొరుకుతుంది? జూలో రాలిన గోళ్ళు ఇస్తారా?

మోడరేటర్

రాజా గారూ, ఇవ్వరు. ఇక్కడ ఎవరూ దొరికే చోటు చెప్పరు కూడా. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అసలు పులిగోరు కొన్నా, అమ్మినా నేరం, జైలు శిక్ష ఉంటుంది. బంగారంతో చేయించిన నమూనా లాకెట్‌ను ఏ కంసాలి అయినా చేసిస్తాడు. దీని మీద చర్చ ఇంతటితో ఆపండి. అలాగే సర్వల్‌ను ఇంట్లో పెంచుకునే వీడియో లింకు ఒకటి తీసేశాను, మళ్ళీ పెట్టొద్దు.

కుప్పం_టీచరమ్మ

మా వైపు పిల్లలకు అడవి జంతువును దగ్గర నుంచి చూడటం కొత్త కాదు. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు టమోటా తోటల్లోకి వస్తాయి, పిల్లలు మిద్దె మీద నుంచి చూస్తారు. ఏనుగు అంటే వాళ్ళకు ముద్దు లేదు, భయం, గౌరవం రెండూ ఉన్నాయి. అదే పిల్లలు జూకి వెళితే పులి ముందు నిలబడి ఈలలు వేస్తారు, గులకరాళ్ళు ఏరుకుంటారు! కందకం ఉంటే చాలు, జంతువు మనదైపోయినట్టు అనుకుంటారేమో. జూలో జంతువును రెచ్చగొట్టడం, తిండి వేయడం, అరిచి బెదరగొట్టడం చట్టప్రకారం నేరమని అక్కడ బోర్డులు ఉంటాయి, పెద్దవాళ్ళే చదవరు.

2024 ఫిబ్రవరిలో మన జూలోనే ఒకతను సింహం ఆవరణలోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతకు పదేళ్ళ ముందు ఢిల్లీ జూలో తెల్లపులి దగ్గర ఇలాగే జరిగింది. దగ్గరతనం మీద మోజు ఎక్కడికి తీసుకుపోతుందో చూస్తున్నాం కదా.

నేను పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నా. ఎస్వీ జూ 5,532 ఎకరాలు, అంతా చూపించాలని పరిగెత్తిస్తే పిల్లలకు చివరికి గుర్తుండేది కాళ్ళ నొప్పులే. ఒక్కో గుంపుకు ఒకే జంతువు. అక్కడే కూర్చోవాలి, చూసింది రాయాలి. "పులి బాగుంది" అని రాస్తే ఒప్పుకోను, పులి ఏం చేసిందో రాయాలి. మొదట్లో విసుక్కుంటారు. అరగంట అయ్యేసరికి ఒకడు "మేడమ్, ఇది ఎప్పుడూ ఎడమ వైపే తిరుగుతాంది" అంటాడు. ఇంకొకతె "నిద్రలో కూడా చెవులు ఆడిస్తాంది" అంటుంది. అక్టోబర్ 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు, ఆ రోజుల్లో జూలో పిల్లల కార్యక్రమాలు పెడుతుంటారు. బడి ద్వారా ముందే ఉత్తరం రాసి అడిగితే మాట్లాడేవాళ్ళు కూడా దొరుకుతారు.

జంతు_మిత్ర_చిత్తూరు

టీచరమ్మా, మీరు చేసేది బాగుంది. కానీ "ఎప్పుడూ ఎడమ వైపే తిరుగుతాంది" అన్న పిల్లాడికి అది ఎందుకు అలా తిరుగుతోందో కూడా చెప్పారా?

కుప్పం_టీచరమ్మ

చెప్పాను బాబూ, ఆవరణలో చేసే పనిలేక అలా తిరుగుతుందని. చెప్పాక వాడు నోట్‌బుక్‌లో ఇంకో పేజీ రాశాడు. జూవాళ్ళకు చూపించాం, ఆవరణలో దుంగలు, వాసన పూసిన గోనెలు వేసి దాని ధ్యాస మళ్ళించే ప్రయత్నం చేస్తామని చెప్పారు. చేశారో లేదో ఈసారి వెళ్ళినప్పుడు పిల్లలే అడుగుతారు.

తిరుచానూరు_శీను

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అమెరికా షో సంగతి పాపకు సర్దిచెప్పా, చెవుల వెనక మచ్చల విషయం చెప్పగానే మళ్ళీ జూ అంటోంది. ఈసారి పొద్దున్నే వెళతాం, మామూలు పులి దగ్గరే కూర్చుంటాం. వసంతక్కా, మీరు చెప్పిన చిరుత జాగ్రత్తలు మా ఇంటిల్లిపాదికీ చదివి వినిపించా, వచ్చే నెల మెట్ల మొక్కు ఉంది మాకు.

పాపది ఇంకో ప్రశ్న, నాకు రాలేదు. పులి మియావ్ అంటుందా?

వెటర్నరీ_పిల్ల

మంచి ప్రశ్న. కూనలు తల్లిని పిలిచేటప్పుడు దాదాపు అలాంటి కూతే పెడతాయి. పెద్దపులి గర్జిస్తుంది, కానీ ఇంటి పిల్లిలా గుర్రుమంటూ ఉండలేదు. చీతా, ప్యూమా దీనికి తిరగేసి, అవి గుర్రుమంటాయి, గర్జించలేవు. పులికి తెలిసినవాళ్ళు ఎదురైతే నోరు మూసుకుని ముక్కులోంచి "ఫుర్ ఫుర్" అని గాలి వదులుతుంది, అది దాని పలకరింపు. తలుపులు తీసే వేళకి కీపర్ ఆవరణ వైపు వస్తే చెవి పెట్టి వినమనండి. గుంపు చేరకముందు వెళితేనే వినిపిస్తుంది.